ఉప్పెన వార్త యే మాటలలో రావలెను?
(మచిలీపట్టణమున నొక సభయందు చేసిన యుపన్యాసము)



రాడారు, ఉపగ్రహము, కృత్రిమ మేధ అని దినమున కొక క్రొత్తపేరు మన చెవిని బడుచున్నది. దీనిని విని మనలో కొందరు విద్యావంతులు, యంత్రయుగమును వర్ణించు శక్తి తెలుగునకు లేదని నిట్టూర్చుచున్నారు. మరికొందరు ప్రతి పరదేశపదమునకును నొక సంస్కృత సమాసమును గూర్చినగాని భాష దక్కదని పట్టుపట్టుచున్నారు. ఈ రెండు వాదములును బందరు వీథులలో నిలువజాలవు.

ఏలయన, బందరను పేరే రేవని యర్థమిచ్చు పారసీకపదము. ఇల్లు గట్టు మేస్త్రి పేరు పోర్చుగీసువారినుండి వచ్చినది. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తియై కాలువలలో పడవలు నడిచిన పిమ్మట ఇంగ్లీషు వారి మాట మన నోట "లాకు" అయి తెలుగుమాటయే యైనది. పొలమునకు నీరిచ్చు తూము మాత్రము తన పాతపేరును విడువలేదు. పెడనలో బట్టపై నద్దకము వేయు కొయ్యదిమ్మకును, పుస్తకములను వెలువరించు యంత్రమునకును "అచ్చు" అను నొక్కమాటయే చాలినది. గుడివాడ ప్రాంతపు రైతునకు బియ్యపు మర తెలియును. ఆ చిన్నమాటనుండియే మరమగ్గము, మరపడవ పుట్టినవి. "ధూమశకటము" నిఘంటువున నిలిచిపోయినది. జనులు రైలెక్కి పోయిరి.

ఇందువలన పండితుల కృషి వ్యర్థమని నా యభిప్రాయము కాదు. 1906లో విజ్ఞానచంద్రికామండలి స్థాపనకు పూనుకొని, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు శాస్త్రమును తెలుగున జెప్పవచ్చునని నిరూపించిరి. 1968లో నేర్పడిన తెలుగు అకాడమి కళాశాలలకు పారిభాషికపదములను సమకూర్చినది. పాఠ్యగ్రంథమునకు అట్టి పదములు కావలయును. కాని పాఠ్యగ్రంథమున మాట తెలియకున్న విద్యార్థికి మార్కులు పోవును. దివిసీమలో మాట తెలియకున్న ప్రాణములు పోవును.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన యుప్పెన యీ పట్టణమును ముంచి ఇంచుమించు 30,000 మందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న దివిసీమపై బడిన యుప్పెన వేలకొలది కుటుంబములను తుడిచిపెట్టినది. 1990 మే 9న మరల ప్రచండమైన తుపాను కృష్ణాముఖమున తాకెను. ముందుగా జనులను తరలించుటచే మృతుల సంఖ్య వేయికి లోపుగా నిలిచినది. రాడారు, రక్షణగృహము, బాట, బండి యన్నియు నందులకు తోడ్పడినవే. అయినను మనుష్యుని ఇల్లు విడిచి కదలునట్లు చేయునది అతని గడపలో వినబడిన మాట.

ఆ మాట యెట్లుండవలెను? ఏటిలో సుడిగుండము నెరిగిన పడవవానికి "వాయుగుండము" బోధపడును. "ఉప్పెన" తాతలనాటి మాట. కాని "ఖగోళసంబంధమగు వేలాపరిమితికి మూడు మీటర్ల యధిక జలోద్ధృతి" యని యొక ప్రకటన వెలువడినచో నాగాయలంక జాలరి యేమి గ్రహించును? "పోటుమీద మరి ఇంచుమించు రెండు నిలువుల నీరు వచ్చును, చీకటి పడకముందే రక్షణగృహమునకు పొండు" అన్నచో గ్రహించును. ఇందు శాస్త్రమునకు వచ్చిన లోపమేమి? మీటరు లెక్క కార్యాలయమున నుండుగాక. ఊరికి నిలువు లెక్కయు చెప్పుడు.

కావున నా విన్నప మిది. హెచ్చరికలను తెలుగుచేయువారు వానిని ముద్రింపకమునుపే, సెల్లులకు పంపకమునుపే, కోడూరు నాగాయలంకల జాలరులకు, పడవ సరంగులకు, కూలిపని చేయు స్త్రీలకు చదివి వినిపింపవలెను. "మీకు తెలిసిన దేమి? ఇప్పు డేమి చేయుదురు?" అని ప్రశ్నింపవలెను. జవాబు తప్పినచో తప్పు వారిది కాదు, మాటది. ఆ మాటను మార్చవలెను. ఇది తుపాను లేని దినములలో జరుగవలసిన పని.

స్వభాషాభిమాన మనగా పరభాషాపదమును వెడలగొట్టుట కాదు. బందరున నున్న రాడారు ఆకాశమున గన్నదానిని హంసలదీవి యవ్వకు సకాలమున నెరుకపరుచుటయే నిజమైన భాషాసేవ. రాడారు పేరు రాడారుగనే యుండనిండు. అది తెచ్చు వార్త మాత్రము తెలుగై యుండవలెను.