విల్లెక్కుపెట్టి కాచుకుంటారా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ కొత్తగా ఆడేవాళ్లు విలుకాడి పాత్ర తీసుకోగానే తరచు ఒక మాట అంటుంటారు: "నేను విల్లెక్కుపెట్టి ఉంటా, ఎవడైనా దగ్గరికొస్తే కొట్టేస్తా." వినడానికి వీరోచితంగానే ఉంటుంది. ఐదో ఎడిషన్ నియమాల్లో, అంటే 2014లో వచ్చినవాటిలో, ఆ మాటకు ఎంత ఖర్చవుతుందో చూడండి.

ఇలా కాచుకోవడాన్ని ఆ నియమాల్లో 'రెడీ' అంటారు. 'రెడీ' అన్నారంటే ఆ వంతులో మీ యాక్షన్ అయిపోయినట్టే. ఏం జరిగితే మీరు కదులుతారో, కదిలి ఏం చేస్తారో అప్పుడే చెప్పాలి. అది జరిగినప్పుడు, వేరేవాళ్ల వంతులో స్పందించడానికి ఉండే మీ రియాక్షన్‌తో బాణం వదులుతారు. మళ్లీ మీ వంతు వచ్చేలోపు అది జరగకపోతే మీ యాక్షన్ వృథా. ఐదో లెవెల్ ఫైటర్‌కు ఇంకో నష్టం కూడా ఉంది. తన వంతులో రెండు బాణాలు వేయగలవాడు, కాచుకుని కొడితే ఒక్కటే వేస్తాడు. ఎక్స్‌ట్రా అటాక్ సొంత వంతులోనే పనిచేస్తుంది మరి. మంత్రం పట్టుకుని కూర్చున్నవాడి పాట్లు ఇంకా ఎక్కువ: దాన్ని వదిలేదాకా ఏకాగ్రత నిలవాలి, చెదిరిందా, మంత్రమూ పోయింది, దానికి ఖర్చుపెట్టిన స్లాటూ పోయింది.

ఇక ఆ "దగ్గరికొస్తే" అన్న మాట. శత్రువు ఐదడుగుల్లోకి వచ్చి మిమ్మల్ని చూస్తుంటే విల్లుతో కొట్టడం డిసడ్వాంటేజ్. రెండు డైస్ వేసి చిన్న అంకె తీసుకోవాలి. లాంగ్‌బో నూటయాభై అడుగుల దాకా ఇబ్బంది లేకుండా కొడుతుంది కదా, శత్రువు మీదికొచ్చేదాకా ఆగడం దేనికి? "గుమ్మం దాటితే" అనండి, "ఆ స్తంభం పక్కనుంచి బయటపడితే" అనండి.

మీరు చెప్పే సంగతి మీ పాత్ర కంటికో చెవికో తెలిసేదై ఉండాలి. రామాయణంలో రాముడంతటి విలుకాడు కూడా వాలీ సుగ్రీవులు పెనుగులాడుతుంటే ఎవరెవరో పోల్చుకోలేక మొదటిసారి బాణం వేయలేదు. సుగ్రీవుడి మెడలో పూలతీగ పడ్డాకే వేశాడు. మనసులోని ఆలోచన కనబడదు, వినబడదు కాబట్టి "వాడు మోసం చేయాలనుకుంటే కొడతా" అంటే ఆట నడిపే ఏ డంజన్ మాస్టరూ ఒప్పుకోడు.

పాత 3.5 ఎడిషన్ ఆడి వచ్చినవాళ్లు ఒక్కచోట జాగ్రత్తపడాలి. అప్పట్లో కాచుకున్న దెబ్బ ఎదుటివాడి పనికంటే ముందే పడేది, మంత్రగాడి మంత్రం మధ్యలోనే చెడగొట్టొచ్చు. ఇప్పుడు అలా కాదు. మీరు చెప్పిన సంగతి జరగడం పూర్తయ్యాకే మీ బాణం. "మంత్రం వేస్తే కొడతా" అన్నారంటే ముందు మంత్రం పడుతుంది. అది ఏకాగ్రతతో నిలిచే మంత్రమైతే మాత్రం మీ దెబ్బకు చెదిరే అవకాశం ఉంది.

మరి రెడీ ఎప్పుడు గిట్టుబాటు? రెండు సందర్భాల్లో, నా లెక్కన. గోడ వెనకనుంచి బయటికొచ్చి, కొట్టి, మళ్లీ దాక్కునే శత్రువు ఒకటి. మీ వంతులో వాడు పూర్తిగా చాటున ఉంటాడు, గురిపెట్టడానికే దొరకడు. వాడు తల బయటపెట్టినప్పుడు కొట్టాల్సిందే, చాటు ఇంకా మిగిలితే వాడి ఆర్మర్ క్లాస్‌కు రెండో ఐదో కలుస్తాయి, అంతే. రెండోది రోగ్ పాత్ర. "మా ఫైటర్ వాడి పక్కకు చేరగానే" అని కాచుకుంటే స్నీక్ అటాక్ అనే అదనపు దెబ్బ దక్కుతుంది. పైగా పక్కనుంచి తప్పుకునే శత్రువును కొట్టే ఆపర్చునిటీ అటాక్ చేతికందే ఆయుధాలకే కాబట్టి విలుకాడి రియాక్షన్ చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది.

మిగతా చోట్ల, శత్రువు కళ్లెదుటే ఉండి బాణం అందే దూరంలో ఉంటే, కాచుకోకండి, కొట్టేయండి. డంజన్ మాస్టర్లకూ ఒక మనవి: ఆటగాడు చెప్పిన మాటలో సందు వెతికి వాడి బాణం ఎగ్గొట్టకండి. సందేహముంటే అప్పుడే అడిగి తేల్చుకోండి.