పటం మీద చుక్క లేని అమ్మాయి

(ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడపిల్ల కనిపించకపోతే ఊళ్లో ముందు వినిపించే మాట, "ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుంది." ఆ మాట నేరస్థుడికి ఎంత అండగా నిలుస్తుందో ఇవాళ మాట్లాడుకుందాం.

వరసగా నేరాలు చేసేవాడి నివాసాన్ని నేరస్థలాలను బట్టి అంచనా వేసే పద్ధతి ఒకటుంది. కెనడాలోని వాంకూవర్ పోలీసు అధికారి కిమ్ రోస్మో 1990లలో దాన్ని రూపొందించాడు. దాని వెనకున్నది మామూలు సంగతే. నేరస్థుడు కూడా తనకు తెలిసిన దారుల్లోనే తిరుగుతాడు. ఇంటికి మరీ దగ్గరైతే గుర్తుపడతారని భయం, మరీ దూరమైతే చోటు కొత్త. అందుకే నేరస్థలాలను పటం మీద చుక్కలుగా పెడితే, వెతకాల్సిన మేర చిన్నదవుతుంది.

కానీ చుక్కలు ఎవరు పెట్టాలి?

యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్ సంగతి చూడండి. 2019 ఏప్రిల్‌లో అక్కడి పాడుబడిన వ్యవసాయ బావుల్లో ముగ్గురు అమ్మాయిల అవశేషాలు దొరికాయి. దోషి పరాయివాడు కాదు, ఆ ఊరివాడే. బండి మీద దిగబెడతానని ఎక్కించుకునేవాడని పోలీసులు చెప్పారు. 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు అతనికి మరణశిక్ష విధించింది. అయితే మొదటి పాప తప్పిపోయింది 2015లో. నాలుగేళ్లు ఆచూకీ తేలలేదు. 2019 మార్చిలో మాయమైన అమ్మాయి గురించి ఇంటివాళ్లు ఫిర్యాదే ఇవ్వలేదని పత్రికలు రాశాయి. ఏప్రిల్‌లో మూడో అమ్మాయి తప్పిపోయి, ఆమె కోసం వెతికితే గానీ మిగతా ఇద్దరి సంగతి బయటపడలేదు.

పరువు భయం ఒక చుక్కను చెరిపేసింది. చుక్క లేని పటం ఏ శాస్త్రానికీ పనికిరాదు.

తప్పిపోయిన పిల్లల ప్రతి ఫిర్యాదునూ ఎఫ్.ఐ.ఆర్.గా నమోదు చేయాలని 2013లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. "రెండు రోజులు చూడండమ్మా" అంటే ఒప్పుకోకండి. తల్లి వెంట మనం స్టేషనుకు వెళ్దాం.

ఇంకో పని కూడా ఉంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా ఎక్కడ అమ్ముతారో ఎవర్నీ అడగలేదు, వాళ్లకే తెలుసు. అలాగే బస్సు రాని ఊరు, దీపం లేని దారి, కప్పెట్టని పాత బావి ఎక్కడున్నాయో మనకే తెలుసు. ఊరూరా కూర్చుని ఆ పటం గీద్దాం. అది చూపించి పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టడానికి కాదు. బస్సు వేయమని, దీపం పెట్టమని, బావి పూడ్చమని నిలదీయడానికి.