క్రొత్త పాటలో పాత శ్రుతి



బహదూర్‌పల్లిలోని మా యింట నా మనుమడు గిటారు వాయించును. సాయంకాలమున అతని మిత్రులు మువ్వురు వత్తురు. తలుపులు మూసికొని వారు చేయు సాధనను విని నేను మొదట విసిగితిని. పాట నడక మందము, మాట తెలియదు, గొంతుక గుట్ట కావలినుండి వచ్చుచున్నట్లుండును. ఇది పాటయా, నిద్రలోని పలవరింతయా అని యొకనాడు కసరితిని. వాడు నవ్వి, "తాతా, దీని పేరే కలపాట" అనెను. ఇంగ్లీషువారు దీనిని డ్రీమ్ పాప్ అందురట.

నాటినుండి దాని పుట్టుపూర్వోత్తరములను తెలిసికొంటిని. 1979లో స్కాట్లండు దేశమున కాక్టో ట్విన్స్ అను బృందము ఏర్పడెను. అందలి గాయని ఎలిజబెత్ ఫ్రేజరు పాడిన పెక్కు పాటలలో అర్థమును వెదకుట వ్యర్థము; గొంతుకనే వాద్యమువలె వాడుట ఆమె పద్ధతి. మన ఆలాపనయు నట్టిదే గదా! ఈ తెగ పాటలలో గిటారు ధ్వనిని యంత్రముచే పలుమారులు తిరిగి పలికించి, అందు గొంతుకను కలిపివేయుదురు. బావిగట్టున నిలిచి కేకవేసిన ఆ కేక మనకే తిరిగి వచ్చును. గోలకొండలో ఫతే దర్వాజా కడ చప్పట్లు కొట్టిన పైనున్న బాలా హిస్సారున వినబడును. అచ్చట రాయి చేయు పనిని ఇచ్చట యంత్రము చేయుచున్నది.

మఱి యిందు పల్లెపాట కేమి పని యందురా? 1966లో ఇంగ్లండునందలి బీటిల్సు బృందమువారు తమ 'రివాల్వర్' సంపుటములోని కడపటి పాటకు మన తంబుర నాదమును ఆధారముగా గొనిరి. ఆ పాట ఇంచుమించు ఒకే శ్రుతిపై సాగును. ఆ యేడే ఎడింబరో నగరమున ఇన్‌క్రెడిబుల్ స్ట్రింగ్ బాండు పుట్టి, తమ దేశపు జానపదములకు సితారు వంటి దూరదేశ వాద్యములను జోడించెను. ఆనాటి పడమటి గాయకులలో కొందఱు మత్తుమందులు వాడిరి. దానిని దాచవలసిన పని లేదు. కాని ఒక్క శ్రుతిలో మనస్సు లీనమగుటకు మత్తుతో పని లేదని మన భజనమండలులవా రెఱుగుదురు.

ఇక మన కిన్నెరను చూడుడు. వెదురు దండము, ఆనపబుర్రలు, లోహపు తీగలు. బుర్ర చేయు పని ధ్వనిని నింపి మ్రోగించుటయే. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యగారు పండ్రెండు మెట్ల కిన్నెరపై వీరగాథలు పాడి, 2022లో పద్మశ్రీ పురస్కారమును పొందిరి. కావున పిల్లలు వెదకుచున్న వస్తువు మన ముంగిటనే యున్నది.

ఇప్పుడు నా తప్పును చెప్పెదను. ఒకనాడు మనుమడు నా కడకు వచ్చి, "తాతా, మీ అమ్మ విసురురాయి కడ పాడిన పాట యొకటి చెప్పుము, మేము గిటారుపై పాడుదుము" అనెను. నేను నోరు తెఱచితిని. పల్లవి వచ్చెను. మొదటి చరణము వచ్చెను. రెండవది రాలేదు. చెల్లెలి నడిగితిని, ఆమె యొక్క పాదమును చెప్పి యూరకుండెను. మిగిలినది పోయినది. పిల్లలు పాటను చెడగొట్టుచున్నారని కసరిన నేనే పాటను పోగొట్టితిని!

ఇది నా యొక్కని కథ కాదు. మా ఊరి చేలు తగ్గి మేడలు లేచినవి. 2020లో మహీంద్రా విశ్వవిద్యాలయము వెలసినది. పిల్లలకు చదువు దగ్గఱయైనది, అది మంచిదే. కాని నాట్లు లేనిచోట నాటుపాట యెవరు పాడుదురు? మోట లేనిచోట మోటపాట యెట్లు నిలుచును? పని పోయినప్పుడు పాటయు దానివెంట పోవును, ఎవరైన పట్టి నిలిపిన తప్ప.

మా పిల్లలు ఆ పాటను విడువలేదు. చరణము పోయిన చోట మాట పెట్టక, వట్టి శ్రుతిని మాత్రము మ్రోగనిచ్చిరి. దానిని వినునప్పుడు నా కన్నులు చెమర్చినవి. మా అమ్మ విసురురాయి తిరుగు చప్పుడు అదే.

కావున పెద్దలకు నా మనవి యిది. మీ యింటి పిల్లలు వింత పాట పాడిన కసరకుడు. తలుపు తెఱచి కూర్చుండి వినుడు. ఆపైని మీకు వచ్చిన బతుకమ్మ పాటయో, లాలిపాటయో, నాటుపాటయో చివరిదాక పాడుడు. పిల్లలు చేతి ఫోనులో దానిని పట్టుకొందురు. గొంతుక బాగులేదని సంకోచింపవలదు. వారికి కావలసినది గొంతుక కాదు, రెండవ చరణము.

సెలవు.