గుడ్డెలుగు ఇలాకాలో రెండు రాత్రులు: కృష్ణ మీద పడవ ప్రయాణానికి ముందు

(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

డిసెంబరులో సోమశిల దగ్గర కృష్ణ మీద తెడ్డు పడవల్లో తిరిగి, రెండు రాత్రులు టెంట్లలో ఉండి వద్దామని అనుకున్నప్పటి నుంచి మమ్మల్ని అందరూ ఒకటే అడుగుతున్నారు. "గుడ్డెలుగు వస్తే ఎట్ల అన్నా?" అని. సగం నవ్వుతూ, సగం భయంతో అడుగుతున్నారు. దానికి జవాబు చెప్తాం. అయితే మాకు అంతకంటే పెద్ద ప్రశ్న ఇంకోటుంది. దాన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. మనలో ఈత ఎంతమందికి వచ్చు?

ముందు అంత దూరం ఎందుకో చెప్పాలి. మన ఇంటి పక్కనే గండిపేట ఉంది, హిమాయత్‌సాగర్ ఉంది, అక్కడే పడవ వేస్తే సరిపోదా అని కొందరన్నారు. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచాక కట్టిన చెరువులవి. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవి తాగునీటి చెరువులు. వాటి కోసమే 1996లో 111 జీవో వచ్చింది. ఆ జీవో మాట వినకుండా మన దగ్గర ఎవరికీ భూమి ముచ్చట పూర్తికాదు. ఆ నీళ్లలో మన ఆటలు వద్దు. ఇక అడవి అంటారా, చిలుకూరులో మృగవని ఉంది. నాలుగు చదరపు కిలోమీటర్లు కూడా లేదు. జింకలు, కణుజులు, నెమళ్లు చూడొచ్చు, రాత్రి ఉండటానికి కాదు. మిగిలింది ఫాంహౌసులు. కొలను పక్కన గడ్డి మీద టెంటు వేసి, కట్టెలు మండించి, దాన్ని క్యాంపింగ్ అంటారు. ఆ టెంట్లు వేసేదీ, కట్టెలు మోసేదీ, తెల్లారి సీసాలు ఏరేదీ మన పిల్లలే. ఒక్కసారి మన కోసం మనమే టెంటు వేసుకుందాం అన్నది ఈ ఆలోచనకు మొదలు.

ఇంకో కారణం కూడా ఉంది. తండా అంటే ఇప్పుడు మనకు ఊరు. ఒకప్పుడు తండా అంటే నడిచేది. 17వ శతాబ్దంలో ఈ దేశం తిరిగిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే పది పన్నెండు వేల ఎద్దుల బిడారులను చూసి రాశాడు. ఉప్పు, బియ్యం, పప్పులు మోసుకుంటూ మన పెద్దలు దక్కన్ అంతా తిరిగారు. రోజూ సాయంత్రం ఎక్కడ దిగాలి, నీళ్లు ఎంత దూరం, మేత ఎటువైపు, ఏ జంతువు భయం ఉంది, ఇవన్నీ నాయక్ చూసుకునేవాడు. పొద్దు ఉండగానే దిగేవాళ్లు. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ పని పోయింది, దాంతో పాటు ఆ చూపూ పోయింది. మనం నేర్చుకోబోయేది కొత్త విద్య అని మేము అనుకోవడం లేదు.

ఇప్పుడు చోటు సంగతి. చేవెళ్ల నుంచి షాబాద్, షాద్‌నగర్ మీదుగా జడ్చర్ల, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ దాటి సోమశిల. కృష్ణ అక్కడ నదిలా ఉండదు, శ్రీశైలం డ్యామ్ వెనక నిలిచిన సముద్రంలా ఉంటుంది. డ్యామ్ పూర్తి మట్టం 885 అడుగులు. ఆ నీళ్ల కింద ఎన్నో ఊళ్లున్నాయి. అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి కూడా ఏడాదిలో చాలా నెలలు మునిగే ఉంటుంది, ఎండాకాలంలో నీళ్లు తగ్గితేనే బయటికొస్తుంది. కిందికి పోయేకొద్దీ రెండు వైపులా నల్లమల. ఇవతల అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అవతల ఆంధ్రప్రదేశ్ వైపు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. అంటే తెడ్డు కొంచెం గట్టిగా వేస్తే రాష్ట్రమే మారిపోతుంది, అనుమతి కూడా మారిపోతుంది.

అందుకే అడవి ఒడ్డున టెంటు వేయడం మన ప్లానులో లేదు. ఇది విన్నాక ఇద్దరు ముగ్గురి ముఖాలు వాడిపోయాయి, మేము చూశాం. అభయారణ్యంలో అనుమతి లేకుండా రాత్రి ఉండటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లనే పోనివ్వరు. అది చెంచుల ఇల్లు కూడా. మన తండాలోకి ఎవరో తెలియనివాళ్లు రాత్రిపూట వచ్చి టెంటు వేసి, పాటలు పెట్టి, పొద్దున ప్లాస్టిక్ వదిలి పోతే మనం ఊరుకుంటామా? మన రెండు రాత్రులూ ఊరివైపు ఒడ్డునే, అటవీ శాఖకూ పర్యాటక శాఖకూ రాసి, సంతకంతో కాగితం చేతికొచ్చాకే. కాగితం రాకపోతే ప్రయాణం లేదు. ఊరివైపు అన్నంత మాత్రాన గుడ్డెలుగు రాదని కాదు. దానికి సరిహద్దు రాళ్లు తెలియవు.

డిసెంబరే ఎందుకంటే, అప్పటికి వానలు పోయి నీళ్లు నిండుగా, నిమ్మళంగా ఉంటాయి. ఆలస్యమైతే నీళ్లు దిగిపోయి ఒడ్డంతా బురద తేలుతుంది, తాగడానికి జంతువులు ఒడ్డుకు వస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలతాయి. ఇప్పచెట్టు కింద రాత్రిపూట గుడ్డెలుగు ఉంటుందని అడవి పక్కన పుట్టిన ఎవరిని అడిగినా చెప్తారు. ఇంకో సంగతి. ఆడ ఎలుగు చలికాలంలో గుహలోనో, బొరియలోనో ఈని, రెండు మూడు నెలలకు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకొని బయటికొస్తుంది. పిల్లల్ని అట్లా వీపున మోసే ఎలుగు ప్రపంచంలో ఇదొక్కటే. పిల్లలున్న తల్లికి ఎదురుపడటం కంటే చెడ్డది లేదు.

దాన్ని కొంచెం తెలుసుకుందాం. గుడ్డెలుగు అనే పేరులోనే సగం ముచ్చట ఉంది. కళ్లు గుడ్డివి కావు గానీ చూపు తక్కువ. ముక్కు మాత్రం మహా గట్టిది, భూమిలోపలి చెదలను వాసన పడుతుంది. తల పుట్టలో దూర్చి చెదలను గాలితో పీల్చేటప్పుడు చాలా దూరం వినిపించేంత చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడులో మన అడుగుల చప్పుడు దానికి వినిపించదు. మనం పక్కకు వచ్చేదాకా తెలియదు. తెలిసిన క్షణంలో పారిపోవడం దానికి రాదు, మీద పడుతుంది. అడవిలో పులి, చిరుత తిరిగే చోట పెరిగిన జంతువు అది. చెట్టెక్కితే చిరుత కూడా ఎక్కుతుంది. ఎదురు తిరగడమే దాని బతుకు. మనుషుల మీద దాడుల్లో ఎక్కువ భాగం ఇట్లాంటివే, హఠాత్తుగా దగ్గర్లో ఎదురుపడినవి. మనిషిని తినడానికి వచ్చేది కాదు.

మీలో చాలామంది అమెరికా కనూ వీడియోలు చూసి వచ్చారు. మిన్నెసోటాలో బౌండరీ వాటర్స్ అని ఎన్నో చెరువుల అడవి ఉంది, అక్కడ తిండిని తాడుతో చెట్టుకు ఎత్తుగా వేలాడదీస్తారు, లేదా ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలో పెడతారు. అక్కడి నల్ల ఎలుగు తిండి సంచి కోసం వస్తుంది, సంచి కాపాడుకుంటే సగం పని అయిపోయినట్టే. మన ఎలుగు తేనెపట్టు కోసం చెట్టు చివరిదాకా ఎక్కే జంతువు, తాడుకు వేలాడే సంచి దానికి ఒక లెక్క కాదు. ఇక్కడ అసలు పని సంచి కాపాడటం కాదు, మనం ఉన్నామని దానికి ముందే తెలియజేయడం. అట్లాగని తిండిని వదిలేయమని కాదు. ఛత్తీస్‌గఢ్‌లో బాగ్‌బాహరా దగ్గర చండీమాత గుడికి సాయంత్రం ప్రసాదం కోసం ఎలుగులు వస్తాయి. తీపి రుచి మరిగితే ఏ జంతువైనా అంతే. బెల్లం, తేనె, అరటిపండ్లు, కొబ్బరి, నెయ్యి టెంట్లోకి రావు. అన్నీ మూత గట్టిగా పడే స్టీలు డబ్బాల్లో, బండిలో ఉంటాయి. వంట టెంట్లకు దూరంగా, పొద్దుండగానే. గిన్నెలు చీకటిపడ్డాక నీటి ఒడ్డున తోమడం ఉండదు. కృష్ణలో మొసళ్లున్నాయి, ఆ సంగతి ఎవరూ అడగలేదు గాబట్టి మేమే చెప్తున్నాం.

టెంటు వేసే చోటు మధ్యాహ్నమే చూసుకోవాలి. చుట్టూ వంద అడుగులు నడిచి చూడండి. తాజాగా తవ్విన చెదపుట్ట ఉందా? మేడి, రేగు చెట్లు పండ్ల మీద ఉన్నాయా? బురదలో అయిదు వేళ్లు, వాటి ముందు పొడుగు గోళ్ల గీతలు ఉన్నాయా? రాళ్ల సందులు, గుహలు దగ్గర్లో ఉన్నాయా? వీటిలో ఒక్కటి ఉన్నా అక్కడ దిగం. ఎంత అందంగా కనిపించినా దిగం. ఫొటో బాగా వస్తుందన్న మాట ఆ సమయంలో ఎవరూ అనొద్దు.

ఇక సిగ్గుపడకుండా మాట్లాడుకోవాల్సిన సంగతి, బయటికి పోవడం. పల్లెల్లో తెల్లవారుజామున, మసక చీకట్లో బహిర్భూమికి పోయినప్పుడు ఎలుగు బారిన పడినవాళ్లున్నారు. అది తిరిగే వేళ, మనం పోయే వేళ ఒకటే. కాబట్టి చీకట్లో ఎవరూ ఒంటరిగా పొదల్లోకి పోరు. ఇద్దరు, టార్చి, చేతిలో కర్ర, నోట్లో మాట. గట్టిగా మాట్లాడుకుంటూ పోండి, కర్రతో నేల మీద కొట్టుకుంటూ పోండి. ఆడపిల్లల కోసం టెంట్ల దగ్గరే తడికలు కట్టి గుంత తవ్విస్తాం. ఈ ఒక్క ఏర్పాటు లేక మన ఆడపిల్లలు ఎన్ని ప్రయాణాలు మానుకున్నారో మాకు తెలుసు.

కుక్కను తెచ్చుకుంటామని ఒక తమ్ముడు అడిగాడు. బిడారు వెంట కుక్కలు ఉండేవి నిజమే. కానీ అడవి పక్కన కుక్క పోయి ఎలుగును రెచ్చగొట్టి, అది తరిమితే నేరుగా యజమాని కాళ్ల దగ్గరికే వస్తుంది. వద్దు.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా ఎదురుపడితే? దూరంగా ఉంటే పరుగెత్తకండి, దాని ముఖం మీద కన్నేసి మెల్లగా వెనక్కి జరగండి, దానికి దారి వదలండి. పరుగులో దానిని గెలవలేం. చెట్టెక్కి తప్పించుకోలేం. మీద పడితే బోర్లా పడుకొని, రెండు చేతులూ మెడ వెనక అల్లి, ముఖం నేలకు ఆనించండి. దాని గోళ్లు మొదట వెతికేది ముఖాన్ని, తలను. అది పోయిందని నమ్మకం కుదిరేదాకా లేవొద్దు. గాయాన్ని సబ్బు నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి ఆసుపత్రికి. ధనుర్వాతం సూదితో పాటు రేబిస్ టీకా కూడా అడగాలి. ఇది చాలామందికి తోచదు. సిగ్నల్ అంతటా దొరకదు కాబట్టి 108 ఎక్కడ నిలబడితే తగులుతుందో మొదటి రోజే చూసి పెట్టుకుంటాం.

2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా కిడిసింగిలో జరిగింది కొందరు చదివే ఉంటారు. ఉద్దానంలో జీడితోటలు, కొబ్బరితోటల మధ్య ఎలుగులు బతుకుతున్నాయి. ఆ ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. చివరికి పట్టుకున్న ఎలుగు కూడా బతకలేదు. ఇట్లాంటి చోట ఒక పొరపాటుకు రెండు ప్రాణాలు పోతాయి. మన తాతల కాలంలో ఎలుగును ముక్కుతాడుతో ఊరూరా ఆడించి, దాని వెంట్రుకను తాయెత్తుగా పిల్లల మెడలో కట్టేవాళ్లు. ఆ ఆటలు ఆగిపోయి పదిహేనేళ్లు దాటింది. ఇప్పుడు మనం దాని దగ్గరికి పోతున్నాం. రీల్ కోసం దాని వెంటపడేవాడు మనతో రావొద్దు.

ఇంక నీళ్లు. మాకు గుడ్డెలుగు కంటే ఎక్కువ భయం నీళ్లంటేనే, దాచుకోం. 2007లో ఇదే కృష్ణ మీద, కొల్లాపూర్ మండలం మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదులమంది పోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగింది. 2023 జనవరిలో మన పక్కనే కోట్‌పల్లి ప్రాజెక్టులో దిగిన నలుగురు తిరిగి రాలేదు. ఎలుగు దాడి వార్తలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, నీటి చావులు ప్రతి పండక్కీ వింటున్నాం. అందుకని లైఫ్ జాకెట్ ఒడ్డు మీదే వేసుకోవాలి, పట్టీ బిగించి ఉండాలి, మళ్లీ ఒడ్డు ఎక్కాకే విప్పాలి. ఈత వచ్చినవాళ్లకు కూడా ఇదే. పొద్దున ఏడింటికి బయలుదేరి పదకొండుకల్లా ఒడ్డు చేరుతాం, మధ్యాహ్నం గాలి లేచిందంటే అంత వెడల్పు నీటి మీద అలలు చిన్న పడవను అడ్డంగా తిప్పేస్తాయి. రోజుకు ఎనిమిది కిలోమీటర్లు మించం. ఒడ్డు వెంబడే పోతాం, నడిమికి పోం. వెంట స్థానిక జాలరి నడిపే మర పడవ ఒకటి ఉంటుంది. పుట్టిలో పుట్టి పెరిగినవాళ్లు వాళ్లు. గాలి చూసి ఈ రోజు వద్దు అని ఆయన అంటే వద్దే. మేము కూడా ఆయన మాట దాటం.

అట్లాగే గుంపులో ఎవరైనా, అందరికంటే చిన్న చెల్లెలైనా సరే, "నాకు భయమేస్తోంది, వెనక్కి పోదాం" అంటే ఆ పడవ వెనక్కి తిరుగుతుంది. ఎందుకని అడగడం, తర్వాత ఎగతాళి చేయడం ఉండవు. బయలుదేరే ముందు వారం మేమే మీ ఇళ్లకు వచ్చి మీ అమ్మానాన్నలతో మాట్లాడి, ఎక్కడ ఉంటాం, ఎవరి ఫోన్ నంబరు ఏది, ఎప్పుడు వస్తాం అన్నీ కాగితం మీద రాసి ఇస్తాం. ఆడపిల్లల్ని పంపమనే ఇళ్లకు రెండోసారి కూడా వస్తాం.

ఇంతకీ ఈత ఎంతమందికి వచ్చు అన్నామా. చేతులెత్తినవాళ్లను లెక్కపెట్టాం, సగం మంది కూడా లేరు. కాబట్టి డిసెంబరులోపు నాలుగు ఆదివారాలు కోట్‌పల్లికి పోతున్నాం. అక్కడ కయాక్‌లు నడిపే స్థానిక పిల్లలున్నారు, వాళ్ల దగ్గర తెడ్డు పట్టడం, పడవ బోల్తా పడితే దాన్ని పట్టుకొని తేలడం నేర్చుకుంటాం. నాలుగింటికీ రానివాళ్లు సోమశిలకు రారు. మొదటి బండి వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి మొయినాబాద్‌లో, ఆరున్నరకు చేవెళ్ల బస్టాండు దగ్గర ఆగుతుంది. తువ్వాల, మార్చుకునే బట్టలు, మధ్యాహ్నానికి జొన్నరొట్టె తెచ్చుకోండి. కూర మేము తెస్తాం.