చిత్రకారుని వేదన – చిత్రముల రక్షణ
(పుదుచ్చేరి పట్టణమున తెలుగు ఉద్యోగుల కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగము)



చిత్రకారుడనగానే చింపిరి జుట్టు, ఆకలి కడుపు, కలత చెందిన మనస్సు మన ఊహలో మెదలును. వేదన లేనిదే కళ పుట్టదని కొందరందురు. ఆ మాట యెంతవరకు నిజమో రెండు జీవితములను చూచి ఆలోచింతము.

మొదటివాడు హాలండు దేశీయుడగు విన్సెంట్ వాన్ గో. 1853లో జన్మించి, 1890లో, 37 ఏండ్ల ప్రాయమున మరణించెను. మనోవ్యాధి పీడింపగా 1889 మే నెలలో తానే పోయి ఫ్రాన్సు దేశమున సెయింట్ రెమీ చికిత్సాలయమున చేరెను. లోకప్రసిద్ధమగు 'నక్షత్రముల రాత్రి' అచటనే చిత్రించెను. అయితే వ్యాధి తీవ్రమైన దినములలో ఆయన కుంచె చాలవరకు ఆగిపోయెడిది. తెరిపి కలిగినపుడే పని సాగెడిది. కనుక వ్యాధి ఆయనకు కళ నీయలేదు; కళకు దక్కవలసిన కాలమును హరించినది.

రెండవవాడు మనవాడు, దామెర్ల రామారావు. 1897లో రాజమహేంద్రవరమున జన్మించెను. అచటి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆతని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించెను. అడవి బాపిరాజు గారును ఆ దొర శిష్యులే. 1916లో రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చేరి, పాశ్చాత్య పద్ధతిలో రూపరచన నేర్చి, దానికి అజంతా రేఖల సొగసును మేళవించెను. ఆతని 'ఋష్యశృంగ బంధనము' 1922లో కలకత్తా ప్రదర్శనమున బహుమతి పొందెను. స్వస్థలమున శిష్యులను చేరదీసి చిత్రకళ నేర్పుచుండగా, 1925 ఫిబ్రవరిలో మశూచికము సోకి, 28 ఏండ్లు నిండకుండగనే కన్నుమూసెను.

ఈతని మనస్సు చెదరినది కాదు, ఆయువే తెగినది. మశూచికపు టీకా అప్పటికి నూరేండ్లకు పైబడి లోకమున నున్నది. కాని ఆ వ్యాధి మన దేశమును వీడుటకు 1975 వరకు, ప్రపంచమునుండి తొలగెనని ప్రకటించుటకు 1980 వరకు పట్టినది. ఇల్లిల్లు తిరిగి టీకాలు వేసినవారు మనవంటి చిన్న జీతపు ఉద్యోగులే. వారి సంచిలోని టీకా యెందరు రామారావులను కాపాడెనో యెవరు లెక్కింపగలరు?

చిత్రకారుడు పోయిన పిదప చిత్రముల గతి యేమి? వాన్ గోను పోషించిన తమ్ముడు థియో ఆరు నెలలకే మరణించెను. థియో భార్య జొహానా ఆ చిత్రములను చేజారనీయక, ఉత్తరములను 1914లో ప్రచురించెను. రామారావునకు భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు ఉండిరి, ఇరువురును చిత్రకారిణులే. మిత్రుడు వరదా వెంకటరత్నము గారు శిష్యులను విడువక కళాశాలను నడిపిరి. రామారావు పేర వెలసిన చిత్రశాల రాజమహేంద్రవరమున నేటికిని గలదు. పోయినవానికి కీర్తి దక్కినది. కాపాడినవారికి శ్రమ మాత్రమే మిగిలినది. వారిని మరచుట మనకు తగదు.

కావున నా మనవి రెండు మాటలు. మన ఇంట బొమ్మలు వేయు బిడ్డ యున్నచో, కాగితము, రంగులు, కొంత తీరిక ఇయ్యుడు. ఆ బిడ్డ మనస్సు క్రుంగినచో, అది కళాకారుల లక్షణమని మురియక వైద్యునికి చూపుడు. కేంద్ర ప్రభుత్వ సంస్థయగు జిప్మెర్ మన పట్టణముననే యున్నది. మనోవ్యాధికి అచట చికిత్స గలదు.

రెండవది. మన పుదుచ్చేరికి చెందిన యానాము గౌతమీ తీరమున నున్నది. రామారావు పుట్టి పెరిగినదియు ఆ గోదావరి ఒడ్డుననే. సెలవులకు ఆ వైపు పోవునపుడు పిల్లలను వెంటబెట్టుకొని ఆ చిత్రశాలలో ఒక పూట గడపుడు. చూచువారు లేనిచో యెంతటి చిత్రమైనను గోడకు బరువే యగును.