పాత బాటకు పొంగుతారు

నాంపల్లి స్టేషను నుండి ఆబిడ్సు పెద్ద తపాలా కార్యాలయము వరకు నడచునపుడు కాలిక్రింది బాటను మనము గమనింపము. గుంట అడ్డమైనపుడు మాత్రము గమనింతుము. పూడ్చిన గుంటయే వానకు మరల తెరచుకొనుటకు కారణమేమి?

తప్పు పైనున్న నల్లపొరదే కాదు. దాని క్రింద కంకర, రాతిపిండి కలిపి అణచిన పొర కలదు. పగుళ్ళలోనుండి నీరు దిగినపుడు ఆ రాళ్ళ పట్టు సడలి, చక్రము క్రింద జరుగును. పైని ఎన్ని పొరలు వేసినను రోగము లోపలనే యుండును. పైగా పొరపై పొర వేయగా రోడ్డు ఎత్తు పెరుగును. అంగడి గడప పెరుగదు. వాననీరు ఎటు పారునో దుకాణదారునకు చెప్పనక్కరలేదు.

ఆ లోపలి పొరకే బలము చేకూర్చు విధానము పొంగుతారు. మనము తారు అనునది నేడు చాలవరకు పెట్రోలియము నుండి వచ్చు బిటుమెన్. వాడుకను బట్టి తారు అనియే అందము.

కాగిన నూనెలో నీటిచుక్క పడిన ఏమగునో వంటయింటివారికి తెలియును. 160 నుండి 180 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచిన తారులోనికి, దాని బరువులో నూటికి సుమారు 2 పాళ్ళ చల్లని నీటిని చిమ్మినచో, ఆ నీరు తటాలున ఆవిరియై తారును బుడగలుగా ఉబ్బించును. పాలు పొంగినట్లు 10, 15 రెట్లు పొంగును. పది సెకండ్లలో ఆ పొంగు సగము అణగిపోవచ్చును. ఆ లోపుననే తడికంకరలో కలియవలెను.

ఇందొక వింత కలదు. పొంగుతారు పెద్దరాళ్ళకు నల్లరంగు పూయదు. సన్నని రాతిపిండిని పట్టుకొని, చిన్న చిన్న అతుకులై రాళ్ళను అక్కడక్కడ అంటించును. మిశ్రమము నల్లబడకుండుట చూచి, తారు ఎవరో కాజేసినారని అనుమానించువారును ఉందురేమో! రాతిపిండి చాలనిచో మాత్రము ఈ పద్ధతి ఫలింపదు. సాధారణముగా నూటికి 2, 3 పాళ్ళ తారు, 1 పాలు సిమెంటు చాలును. కంకరను కాచనక్కరలేదు గనుక ఇంధనము మిగులును.

1956 ప్రాంతమున అమెరికాలో అయోవా స్టేటు ఆచార్యుడు లాడిస్ చాన్యీ ఆవిరితో తారును పొంగించెను. 1968లో ఆస్ట్రేలియాలోని మోబిల్ ఆయిల్ సంస్థ ఆవిరికి మారుగా చల్లని నీటిని వాడి పని సులభము చేసినది. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి నియమావళిలో దీనికి చోటిచ్చినది.

విశాలమైన రహదారులపై యంత్రము పాతబాటను అక్కడికక్కడే నలిపి, తారు కలిపి పరచుకొనుచు పోవును. ఆబిడ్సులో దానిని తొందరపడి దింపరాదు. మంచినీటి గొట్టములు, మురుగుకాలువలు, తంతులు యంత్రపు పండ్లకు చిక్కును. పాతపొరను జాగ్రత్తగా తీసి, వేరొకచోట మిశ్రమము చేసి, తెచ్చి పరచుట మేలని నా అభిప్రాయము. గొట్టముల మరమ్మతు దీనికి ముందే ముగియవలెను. పైపొర మందమును కూడ లెక్కించి తవ్వినచో రోడ్డు ఎత్తు పెరుగదు.

రోలరు పోయిన కొద్దిసేపటికే తేలిక బండ్లను విడువవచ్చును గనుక అంగళ్ళు చాలకాలము మూయనక్కరలేదు. పిదప ఈ పొర తన తేమను విడుచుచు క్రమముగా గట్టిపడును. కావున హైదరాబాదులో ఈ పని వేసవిలో మొదలుపెట్టి, జూనులో తొలకరి రాకముందే పైపొర వేయవలెను.