నెత్తురు నిలిపెడి మాంసకృత్తు

కూరగాయలు తరుగునపుడు కత్తిపీట తగిలి వ్రేలు తెగుట ప్రతి యింటను జరుగునదే. కొంతసేపు అదిమి పట్టినచో నెత్తురు తానై నిలుచును. అట్లు నిలుచుటకు తోడ్పడు మాంసకృత్తులలో నొకదానిని గూర్చి నేడు ముచ్చటింతము.

ఫిన్లండు దేశమునకు చెందిన ఆలండ్ దీవులనుండి 1924లో అయిదేండ్ల బాలిక నొకతెను హెల్సింకి నగరమునకు చికిత్సకై తీసికొనివచ్చిరి. ఆమె తోబుట్టువులు కొందరు అప్పటికే రక్తస్రావమువలన పసితనమున మరణించియుండిరి. ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ అను వైద్యుడు ఆ కుటుంబమున 66 మందిని గూర్చి విచారించి, 23 మందికి ఈ లక్షణము కలదని 1926లో ప్రకటించెను. హీమోఫీలియా సాధారణముగా మగపిల్లలకు వచ్చునది. ఈ వ్యాధి స్త్రీలను సైతము విడువలేదు. ఆ బాలిక వ్యక్తురాలైన పిదప నాల్గవ ఋతుస్రావము ఆగక మరణించెను.

లోపించిన మాంసకృత్తు ఏదియో 1971లో గాని తేలలేదు. దానికి ఆ వైద్యుని పేరే నిలిచినది. రక్తనాళముల లోపొరయందలి కణములు దీనిని తయారుచేయును. ప్రవాహములో ఇది ఉండచుట్టిన నూలువలె నుండును. నాళము తెగినచోట కొల్లాజెన్ పోగులు బయల్పడగా వానిని పట్టుకొని, రక్తపు వడికి సాగి దారమగును. పరుగెత్తు ప్లేట్‌లెట్లు ఆ దారమున చిక్కుకొని గండికి తొలి అడ్డుకట్టయగును. గడ్డకట్టుటకు వలయు ఎనిమిదవ కారకమును చెడకుండ మోయునదియు నిదియే.

పెక్కుమందిలో ఈ లోపము స్వల్పము, కనుకనే దాగియుండును. ఋతుస్రావము వారము దాటినను, గుడ్డలు గంటగంటకు మార్చవలసివచ్చినను, "మన యింటి ఆడవారికందరికి నింతే" యని తల్లులు సరిపెట్టుకొందురు. ఇంటిలో పలువురికి నుండుట నిశ్చింతకు కారణము కాదు. వంశమున వచ్చు లోపమునకు గుర్తు కావచ్చును. తల్లిదండ్రు లిరువురినుండియు లోపము సంక్రమించినచో వ్యాధి తీవ్రమగును. మేనరికములు గల మన తెలుగునాట ఇది మరువరాని విషయము.

ప్లేట్‌లెట్ల లెక్క సరిగా నున్నంతమాత్రమున సందేహము తీరదు. ఈ మాంసకృత్తుకు వేరు పరీక్షలు కలవు. డెస్మోప్రెస్సిన్ అను మందు కణములలో నిలువయున్నదానిని రక్తములోనికి విడిపించును. 1977 నుండి ఇది ఈ వ్యాధికి వాడుకలో నున్నది. తీవ్రమైనచో ఆ మాంసకృత్తునే యెక్కింతురు. ఆస్పిరిన్ మాత్ర వైద్యు నడుగక వేసికొనరాదు.

చెవులు కుట్టించిననాడు నెత్తురు ఎంతసేపు కారినది, పన్ను తీయించిన పిదప ఎన్నాళ్లు ఉమ్మిలో కనబడినది, కాన్పునాడు ఏమి జరిగినది — ఈ సంగతులు ఇంటి పెద్దలకు గుర్తుండును. శస్త్రచికిత్సకును ప్రసవమునకును ముందే వానిని వైద్యునికి చెప్పుట మేలు.